బిస్కెట్ డబ్బాలో నిప్పులు

పొద్దున లేవగానే యోగేశ్వరి చేసే మొదటి పని గోడ మీద అరచెయ్యి పెట్టి చూడడం. రెండో పని పాప ముక్కు ముట్టుకోవడం. ఆ బుధవారం గోడ చెమ్మగా తగిలింది, ముక్కు చల్లగా తగిలింది. ఏడాది దాటి రెండు నెలల తర్షిణి నిద్రలోనే రెండుసార్లు దగ్గింది. మూడోసారి కూడా దగ్గుతుందేమోనని యోగేశ్వరి ఊపిరి బిగబట్టి నిలబడింది. దగ్గలేదు. అప్పుడు హాల్లోకి వచ్చి పొయ్యి తలుపు తీసింది. లోపల సగం కాలిన మొద్దులు నల్లగా, చల్లగా పడున్నాయి.

కేమరన్ హైలాండ్స్ కొండ మీద వాళ్ళు కాపురం పెట్టి మూడు నెలలయింది. క్లాంగ్‌లో పుట్టి పెరిగిన యోగేశ్వరికి చలి అంటే షాపింగ్ మాల్‌లో ఏసీ, అంతే. మలేషియాలో ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన ఊరు ఒకటుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పోర్ట్ క్లాంగ్‌లో శ్రీకుమార్ పనిచేసే గోడౌన్ మూతపడింది. ఆ సమయంలోనే ఈ కొండ మీద అతిథుల బంగళాలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ పని, ఉండడానికి వెనకాల ఇల్లు ఇస్తామన్నారు. ఇద్దరూ సరే అన్నారు. అతను వ్యాను నడుపుతాడు, తోట చూసుకుంటాడు. ఆమె గదులు తుడిచి, దుప్పట్లు మార్చి, అతిథులకు పొద్దున టిఫిను చేసిపెడుతుంది.

ఇంటి వైరింగు పాతది. కరెంటు హీటరు పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది కాబట్టి పెట్టొద్దని యజమాని ముందే చెప్పేశాడు. ఉన్నదల్లా హాలు మూలనున్న ఇనప కట్టెల పొయ్యి. దానికి ముందు అద్దం తలుపు, ఆ తలుపు కింద గాలి వదలడానికి అటూ ఇటూ జరిపే ఒక ఇనప పిడి, వెనక నుంచి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం. గ్యాసు పొయ్యి తప్ప ఇంకోటి ఎరగని యోగేశ్వరికి అది పరాయి జంతువులా అనిపించేది. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుందామనుకుంది. అవన్నీ ఇంగ్లీషు. తల్లి జబ్బు పడితే మూడో ఫారంతో బడి మానేసి చీరల కొట్లో నిలబడిన పిల్ల ఆమె. మాటలు పట్టుకోలేక చేతులు చూసింది. వీడియోలో ఆ తెల్లాయన కట్టెలు పేర్చాడు, అంటించాడు, ఏదో చెప్పాడు, చివరికి కింద పిడి మూసేశాడు. ఆమె కూడా కట్టెలు పేర్చి, అంటించి, పిడి మూసేసింది. కట్టెలు చాలాసేపు కాలాయి. ఇల్లు మాత్రం వెచ్చబడలేదు. అద్దం నల్లబడింది.

వెనక నుంచి చల్లగాలి మెడకు తగిలింది. అత్తగారు మళ్ళీ కిటికీ తీసింది.

మరిడమ్మ కొండ కింద వెచ్చగా ఉండే తెలుక్ ఇంటాన్ నుంచి వచ్చి పది రోజులైంది. పాప దగ్గు సంగతి విని, కొడుకు పిలవకుండానే బస్సెక్కి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచీ ఆమెకు ఒకటే పని. యోగేశ్వరి కిటికీ సందుల్లో తువ్వాళ్ళు కుక్కితే ఆమె తీసేస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం కూర్చోదు. అంత చలిలోనూ వాకిలి పక్కనే పీట వేసుకుంటుంది.

"అత్తా, మూసేయండి. పాపకి చలి."

"ఇంట్లో అగ్గి ఉన్నప్పుడు కిటికీ మూయకూడదే. వేలెడు సందు ఉండాల."

"ఆ వేలెడు సందులోంచే చలంతా వస్తోంది."

"వత్తే రానీ," అంది మరిడమ్మ. ఎందుకో చెప్పలేదు.

యోగేశ్వరి తల్లి తమిళం, తండ్రి తెలుగు. ఇంట్లో మాట తమిళమే. తెలుగు ఆమెకు పెళ్ళయ్యాక నోటికి వచ్చింది. కోపం వస్తే ఆ వచ్చిన తెలుగు కూడా పోతుంది. అందుకే ఏమీ అనకుండా పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజే ఊళ్ళో క్లినిక్‌కి తీసుకెళ్ళారు. పాప గుండెల్లో పిల్లికూత ఉందని, ఇల్లు పొడిగా, వెచ్చగా, పొగ లేకుండా ఉండాలని నర్సు చెప్పింది. ఇంకోసారి ఇలా అయితే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని కూడా అంది. తిరిగొచ్చి ఇంటి ముందు వ్యాను దిగాక శ్రీకుమార్ చెప్పాడు, ఆదివారం అమ్మ వెళ్ళిపోతుంది, పాపను కూడా ఆమెతో పంపిద్దామని. వానలు తగ్గేదాకా, ఒక రెండు నెలలు. డిసెంబరు సెలవులు, బంగళా నిండా అతిథులు, నువ్వు కదిలితే ఇద్దరి పనీ పోతుంది, నీకు తెలియనిది కాదు కదా అన్నాడు.

రెండు నెలలు. పాప ఇప్పుడిప్పుడే అమ్మా అంటోంది. రెండు నెలలు వినకపోతే ఆ పిలుపు ఎవరికి అలవాటవుతుంది? యోగేశ్వరి ఈ మాట పైకి అనలేదు. వాకిలి దగ్గర పీట మీద కూర్చున్న అత్తగారి వైపు చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అంటే ఇది ముందే మాట్లాడుకున్న మాట. కిటికీలు ఎందుకు తెరుస్తోందో కూడా ఇప్పుడు అర్థమయిందనుకుంది. ఇల్లు చల్లగా ఉంటేనే కదా పాప ఆమెకు దక్కేది.

ఆదివారానికి నాలుగు రోజులుంది. ఈలోగా ఈ ఇంటిని వెచ్చబెట్టి చూపించాలి.

అత్తగారు పుట్టింది కట్టెల పొయ్యి దగ్గరే, అడిగితే చెప్పేదే. అడగాలనిపించలేదు. గురువారం బంగళా పని అవగానే గొడుగు పట్టుకుని కింద టీ తోట ఇళ్ళకు వెళ్ళింది. అక్కడ సుప్పయ్య అనే పెద్దాయన ఉన్నాడు. టీ ఫ్యాక్టరీలో ఆకు ఆరబెట్టే కట్టెల కొలిమి దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి వినిపించాడు. ఎండిన కట్టె ఖణేల్‌మంటుంది, పచ్చిది దబ్బుమంటుంది, నీ ఇంట్లో ఉన్నవి ఎలా మోగుతాయో చూసుకో అన్నాడు. లావు మొద్దులు వద్దు, మణికట్టు లావుకు చీల్చుకో అన్నాడు. పిడి సంగతి ఆమె అడగలేదు. అది తనకు తెలుసనుకుంది.

ఇంటికొచ్చి కొట్టి చూస్తే అన్నీ దబ్బుమన్నాయి. వాటిని చీల్చి పొయ్యి చుట్టూ ఆరబెట్టింది. పైన తాడు కట్టి పాప తడిగుడ్డలు కూడా అక్కడే ఆరేసింది. అద్దాల మీద నీళ్ళు కారసాగాయి. గోడలు ఇంకా తడిశాయి. ఎన్ని కట్టెలు వేసినా హాల్లో పొయ్యికి మూరెడు దూరం వరకే వెచ్చన. పాప పడుకునే గది చల్లగా అలాగే ఉంది. ఆ గదికీ హాలుకీ మధ్య తలుపు ఆమె ఎప్పుడూ మూసే ఉంచేది, గది వెచ్చదనం బయటికి పోకూడదని. గదిలో వెచ్చదనమే లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాన దంచి కురిసింది. మరిడమ్మ గొడుగేసుకుని ఊళ్ళో గుడికి వెళ్ళింది. శ్రీకుమార్ అతిథులను తీసుకురావడానికి వెళ్ళాడు. స్ప్రింగు ఉయ్యాలలో పాప దగ్గుతూ పడుకుంది. యోగేశ్వరికి అప్పుడొక మాట గుర్తొచ్చింది. వాళ్ళ నాయనమ్మ చెప్పేది, రబ్బరు ఎస్టేట్‌లో బాలింత గదిలో కుండలో నిప్పులు పోసి పెట్టేవాళ్ళని, చంటిపిల్ల వెచ్చగా పడుకునేదని. అత్తగారు కూడా ఎస్టేట్ మనిషే. ఇది చూస్తే ఆమె కూడా కాదనలేదు. పొయ్యి పొయ్యి అని ఇన్ని రోజులూ పాకులాడాను, నిప్పు ఎక్కడ కావాలో అక్కడికే తీసుకెళ్తే సరిపోయేది కదా అనుకుంది.

ఖాళీ బిస్కెట్ డబ్బాలోకి పొయ్యిలోని ఎర్రటి నిప్పులు పట్టకారుతో ఏరి వేసింది. ఉయ్యాలకు కొంచెం దూరంగా ఇటుక మీద డబ్బా పెట్టింది. కిటికీ మూసి సందుల్లో తువ్వాలు కుక్కింది. తలుపు మూసి కింద దుప్పటి మడిచి పెట్టింది. నిప్పుల్లో పొగ లేదు. అదే ఆమెకు అన్నిటికంటే నచ్చింది. పొగ ఉండకూడదని కదా నర్సు చెప్పింది.

గది నిజంగానే వెచ్చబడింది. గోడ మీద చెయ్యి పెట్టింది. మూడు నెలల్లో మొదటిసారి గోడ వెచ్చగా తగిలింది. పాప దగ్గు ఆగిపోయింది. యోగేశ్వరి నేల మీదే కూర్చుని ఉయ్యాల తాడు పట్టుకుంది. తల బరువెక్కింది. మూడు రాత్రుల నిద్ర బాకీ అనుకుంది. లేచి ముఖం కడుక్కుందామనుకుంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. కాసేపాగి లేద్దాంలే అనుకుంది.

తలుపు తన్నిన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. తర్వాత చల్లగాలి. తర్వాత వాన. కళ్ళు తెరిచేసరికి వరండాలో గోడకు ఆనుకుని ఉంది, ఒళ్ళో పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. ముంగిట్లో బోర్లాపడిన బిస్కెట్ డబ్బా బుస్సుమని పొగలు కక్కుతోంది. మరిడమ్మ రెండు చేతులూ చూరు నీళ్ళ కింద పెట్టి నిలబడి ఉంది. ఆ డబ్బాను ఆమె వట్టి చేతులతో పట్టుకుని విసిరేసింది.

యోగేశ్వరికి కడుపులో తిప్పి వాంతయింది. నోరు తుడుచుకుని అత్తగారి వైపు చూసింది. తల ఇంకా తిరుగుతోంది, మనసులో ఉన్నది మాత్రం సూటిగా బయటికి వచ్చింది.

"ఇప్పుడే గది వెచ్చబడింది. మీరు చెడగొట్టారు. నా బిడ్డ నా దగ్గర ఉండకూడదు మీకు. అందుకే వచ్చారు."

మరిడమ్మ చేతులు నీళ్ళలోంచి తీయలేదు. "పిల్లని ఏడవనీ," అంది. "గట్టిగా ఏడవనీ. ఎంత ఏడిత్తే అంత మంచిది."

వ్యాను వచ్చింది. ముగ్గురినీ క్లినిక్‌కి తీసుకెళ్ళారు. తల్లీ పిల్లలకు రెండు గంటలు ఆక్సిజన్ పెట్టారు. మూసిన గదిలో నిప్పులు పెట్టుకోకూడదని, వాటి నుంచి వాసనా రంగూ లేని విషవాయువు వస్తుందని, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ గట్టిగా మందలించింది. పాపకు భయం లేదంది. మరిడమ్మ అరచేతులు రెండింటికీ మందు రాసి కట్లు కట్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో శ్రీకుమార్ తల్లి ముందు నిలబడ్డాడు. కాలిన చేతులు ఆమెవే కాబట్టి, డబ్బా పెట్టింది కూడా ఆమే అనుకున్నాడు. కేకలు వేయలేదు. కేకలేసినా బాగుండేది.

"నాయనమ్మ చేసింది నీకు చాలదా అమ్మా? ఇప్పుడు నా పిల్లకి కూడా అగ్గి పెట్టాలా?"

మరిడమ్మ తలెత్తి కొడుకుని చూసింది. ఆ తర్వాత కోడలిని చూసింది. యోగేశ్వరి పాపను దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకుంది.

మరిడమ్మ ఏమీ చెప్పలేదు. తలదించుకుంది.

"పాప ఎక్కడికీ పోదు," అన్నాడు శ్రీకుమార్. "నువ్వొక్కదానివే వెళ్ళు. ఆదివారం బస్సెక్కిస్తాను."

అతను బయటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులుగా యోగేశ్వరి దేనికోసం తన్నుకులాడిందో అది ఆమె చేతికి వచ్చేసింది. ఒక్క మాట చెబితే పోతుంది. చెప్పకపోతే ఉంటుంది.

తర్వాత భర్తను నాయనమ్మ సంగతేంటని అడిగింది. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందని, పదహారు రోజుల పిల్లప్పుడు నాయనమ్మ గదిలో అగ్గి కుండ పెట్టి చంపేసిందని అతను చెప్పాడు. చంపేసింది అనే మాటే వాడాడు. ఎస్టేట్‌లో అందరూ అలాగే అనేవాళ్ళట. తండ్రి అతన్ని ఆ ముసలమ్మ దగ్గరికి పోనిచ్చేవాడే కాదట.

శనివారం పొద్దున శ్రీకుమార్ అతిథులతో టీ తోటలు చూపించడానికి వెళ్ళాడు. మరిడమ్మ వెనక మెట్టు మీద కూర్చుని, కట్లు కట్టిన చేతులతో సంచిలో చీరలు కుక్కుతోంది. చీర జారి కిందపడుతోంది. మళ్ళీ తీస్తోంది. యోగేశ్వరి ఆ చీర అందుకుని మడిచింది. రెండోది కూడా మడిచింది. మూడోది చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"నేను పెట్టానని మీకు తెలుసు. ఎందుకు చెప్పలేదత్తా?"

మరిడమ్మ తోట వైపు తిరిగింది.

"ఆడు నీకు సెప్పినాడా, మా అత్త సంగతి?"

"చెప్పారు."

"అది అబద్ధమే." గొంతు మామూలుగానే ఉంది. "మా అత్త కుండ గుమ్మం బయట ఎట్టింది. వెచ్చన ఇంతే సాలు, లోపలికి వద్దు అంది. ముసురు పట్టి నాలుగు రోజులు. నాకు సాల్లేదు. నా పిల్లకి సలి కదా. ఆవిడ అటెల్లగానే కుండ లోపలికి లాక్కున్నాను. పలకల సందులన్నిట్లో గోనెలు కుక్కినాను. నాను వాకిలి కాడ పడుకున్నాను, పిల్ల లోపల. తెల్లారి నాను లేసినాను. అది లెగనేదు."

యోగేశ్వరి చీర ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"ఎస్టేట్ ఆస్పత్రిలో మందులిచ్చే డ్రెస్సరు వచ్చినాడు. కుండ లోన ఎవరెట్టినారు అన్నాడు. నాను నోరు తెరిసేలోపే మా అత్త, నానే ఎట్టినాను అంది. అంతే. ఎస్టేటంతా ఆవిడని అన్నారు. మీ మావ సచ్చేదాకా తల్లితో సరిగ్గా మాటాడనేదు. ఆవిడ ఇరవయ్యేళ్ళు బతికినాది. ఒక్కపాలి నన్ను ఏటీ అడగనేదు. నానూ సెప్పనేదు. రేపు సెప్తాను, రేపు సెప్తాను అనుకున్నాను. ఆవిడే పోయింది."

"పాప పేరేంటి?"

"పేరెట్టనేదు. ఇరవయ్యొకటో రోజు ఎడదాం అనుకున్నాం."

వాన మళ్ళీ సన్నగా మొదలైంది. ఇద్దరూ లేవలేదు. పొయ్యి ముందు ఎందుకు కూర్చోదో, కిటికీ ఎందుకు తెరుస్తుందో, పాపను ఎందుకు తీసుకెళ్తానందో, అన్నీ ఒక్కొక్కటిగా యోగేశ్వరికి అర్థమవుతుంటే మెడ వంగిపోయింది. ఈమె తన బిడ్డను లాక్కోవడానికి రాలేదు. ఈ ఇంట్లో ఒకప్పటి తనలాంటి తల్లిని చూసి భయపడింది.

"నేనేం చెయ్యాలత్తా?"

"అది నాను సెప్పేది కాదే," అంది మరిడమ్మ. "పొయ్యి ఎలా ఎలిగించాలో మాత్రం సెప్తాను. రా," అని లేచింది.

ఆ చేతులతో ఆమె ఏమీ పట్టుకోలేదు. వాకిలి దగ్గర నిలబడి చెప్పింది, యోగేశ్వరి చేసింది. ముందు తడిగుడ్డల తాడు విప్పి వెనక రేకుల షెడ్డులో కట్టించింది. ఆ గుడ్డల తడంతా ఎక్కడికి పోతాదనుకున్నావు, గోడలకే కదా అంది. బూడిద ఒక అంగుళం ఉంచి మిగతాది తీయించింది. ఆరబెట్టిన కట్టెల్లో ఖణేల్‌మని మోగినవే ఏరించింది. వేలి లావు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్పించి, అంటించాక యోగేశ్వరి అలవాటుగా పిడి మీద చెయ్యి వేస్తే ఆపింది.

"దాన్ని మూత్తే అది ఏటి తింటాది? మనిసిలాగే అగ్గికీ ఊపిరి గావాల. తెల్లగా మండనీ. బాగా మండినాక సగం మూయి. సగమే."

వీడియోలో ఆ తెల్లాయన చెప్పినది కూడా ఇదే అయ్యుండాలి. తనకు చేతులే కనిపించాయి.

తర్వాత బయటికి వెళ్ళి గొట్టం చూడమంది. యోగేశ్వరి వానలో నిలబడి తలెత్తి చూసింది. బూడిదరంగు పొగ లావుగా వస్తోందని చెప్పింది. పిడి ఇంకాస్త తెరవమంది. మళ్ళీ చూసింది. ఇంకా ఉంది. ఇంకో సన్నకట్టె వేయమంది. మూడోసారి బయటికి వెళ్ళేసరికి గొట్టం మీద గాలి సన్నగా అలలాడుతోంది తప్ప పొగ లేదు. కట్టె పొగై పోతే ఆ వెచ్చనంతా ఆకాశానికే, మంటై పోతే నీ ఇంటికి అంది మరిడమ్మ. గది తలుపు బార్లా తెరిపించింది. ఉయ్యాల హాల్లోకి తెచ్చి పొయ్యికి దూరంగా లోపలి గోడ పక్కన కట్టించింది. కిటికీ మాత్రం ఆమే మోచేత్తో నెట్టి తెరిచింది, వేలెడంత.

మధ్యాహ్నానికి ఇంట్లో స్వెట్టరు విప్పేయాల్సి వచ్చింది. అంతకుముందు ఒక పూటకు వేసే కట్టెల్లో సగం కూడా అవలేదు. పాప చాప మీద పాకుతూ నాయనమ్మ చేతి కట్లు పట్టుకుని లాగుతోంది. ఇంత తేలికైన పని. అడిగితే మొదటి రోజే చెప్పేది.

ఆ పూట యోగేశ్వరికి అన్నం దిగలేదు. ఇల్లు వెచ్చబడింది, పాప ఊపిరి తేలిగ్గా ఉంది, పాప ఎక్కడికీ పోదు. ఇక నోరు విప్పాల్సిన అవసరమే లేదు. రేపు చెబుదాం. లేకపోతే వానలు తగ్గాక చెబుదాం. ఆ మాట తన మనసులోనే వినిపించగానే ఆమె ఉలిక్కిపడింది. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. లేచి బీరువా తీసి పాప గౌనులు, టోపీ, పాలసీసా ఒక సంచిలో సర్దింది.

ఆదివారం పొద్దున శ్రీకుమార్ వ్యాను ఇంజను ఆన్ చేసి, తల్లి సంచి వెనక పెట్టాడు. రెండు రోజులుగా తల్లితో మాట్లాడలేదు. ఇప్పుడూ పద అని మాత్రమే అన్నాడు. మరిడమ్మ పాప తల మీద కట్టు కట్టిన చెయ్యి ఒకసారి ఆనించి మెట్లు దిగింది.

యోగేశ్వరి పాపను ఎత్తుకుని, రెండో చేతిలో సంచి పట్టుకుని వ్యాను ముందుకొచ్చి నిలబడింది. ముందే అనుకున్న తెలుగు మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ డబ్బా పెట్టింది నేనే. అత్త కాదు."

శ్రీకుమార్ అర్థం కానట్టు చూశాడు.

"నేనే నిప్పులు తెచ్చాను. నేనే కిటికీ మూశాను. అత్త రాకపోతే మేమిద్దరం లేము. చెబితే పాపను పంపేస్తారని చెప్పలేదు." సంచి కింద పెట్టింది. "ఇప్పుడు పంపించేయండి. పాప బట్టలు నేనే సర్దాను."

అతను తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పొచ్చు కదమ్మా. అన్ని మాటలన్నాను నిన్ను."

మరిడమ్మ కొడుకుని చూడలేదు. కోడలినే చూస్తోంది. చూసి చూసి, వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయింది.

"కూకోరా కుమారు," అంది. "ఈ పిల్ల రెండు రోజుల్లో సెప్పింది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. మీ అక్క కాడ కుండ ఎట్టింది మీ నాయనమ్మ కాదు. నాను."

ఆమె అంతా చెప్పింది. ముసురు, గోనెలు, డ్రెస్సరు, అత్తగారు. నిన్న కోడలికి చెప్పినప్పుడు తొణకని గొంతు కొడుకు ముందు నిలవలేదు. మధ్యలో మాట తెగిపోతే యోగేశ్వరి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. శ్రీకుమార్ నిలబడే విన్నాడు. ఇంజను చప్పుడులో తల్లి మాటలు సరిగ్గా వినపడక ఒకసారి లోపలికి వంగి దాన్ని ఆపేశాడు.

చెప్పడం అయ్యేసరికి సన్నగా తుంపర మొదలైంది. పాప కిందికి దిగుతానని మారాం చేస్తోంది.

"నేను బడి నుంచి వచ్చే దారిలో కూర్చునేది ఆవిడ," అన్నాడు శ్రీకుమార్ చివరికి. "చేతిలో ఏదో ఒకటి తినడానికి పట్టుకుని. నేను రోడ్డుకి అవతలి పక్క నుంచి పోయేవాణ్ణి. రోజూ."

అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ఒళ్ళో తల పెట్టాడు. కట్లు కట్టిన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే కాసేపు ఆగి, అతని జుట్టు మీద వాలాయి.

యోగేశ్వరి లేచి వ్యాను వెనక తలుపు తీసింది. అత్తగారి సంచి దింపింది. పాప సంచి కూడా భుజాన వేసుకుంది. రెండూ మోసుకుంటూ, పాపను చంకలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే వెనక నుంచి మరిడమ్మ గొంతు వినిపించింది.

"నువ్వు సెప్పకపోయినా నాను అడిగుండేదాన్ని కాదే."

యోగేశ్వరి వెనక్కి తిరిగింది. "తెలుసత్తా," అంది. "అందుకే చెప్పాను. లోపలికి రండి, ఇద్దరూ తడుస్తున్నారు."